ఫొటోలో నా ఒక్కడి హెల్మెట్టే ఉల్టా

నేను చెప్పేది ఇప్పటివరకు ఎవరూ వినలేదు. సమాజం మీటింగులో లేచి నిలబడితే మైకు కట్టేశారు. మా బావతో మాట్లాడదామని ఇంటికి వెళితే టీవీ శబ్దం పెంచాడు. అక్కకు చెప్పుకుంటే అన్నం తిన్నావా అని అడిగింది. ఈ సంగతి పెళ్ళిళ్ళలో ఎత్తాను, బారసాలల్లో ఎత్తాను, ఒకచోట దినాల భోజనాల దగ్గర కూడా ఎత్తాను. అక్కడ వడ్డించేవాడు నా ఆకులో ఇంకో గరిటె పప్పు వేసి ముందుకు జరిగిపోయాడు. పప్పు నేను అడగలేదు. నేనడిగినదానికి జవాబు మాత్రం ఇవ్వలేదు. అందుకే రాస్తున్నాను. రాసినదాన్ని మధ్యలో ఆపమనలేరు కదా.

సూరత్‌లో నవాగామ్ వైపు మా తెలుగు నేతవాళ్ళ సమాజానికి ఒక భవనం ఉంది. మెట్లెక్కి లోపలికి వెళ్ళగానే ఎదురుగోడకు పెద్ద ఫొటో కనిపిస్తుంది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో, జబ్బుపడి తలుపులేసుకున్న ఇళ్ళకు సైకిళ్ళ మీద భోజనం చేర్చిన మావాళ్ళ ఫొటో అది. అందరి ముఖాలకూ మాస్కులు, అందరి తలల మీదా హెల్మెట్లు. హెల్మెట్లన్నీ సక్రమంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. రెండో వరుసలో కుడివైపు చివర ఒక మనిషి హెల్మెట్టును వెనక ముందు చేసి పెట్టుకుని, మెడ వెనక ఉండవలసిన తిప్పుడు బిళ్ళ నుదుటి మీద కనిపిస్తుండగా, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. అది నేను.

ఆ ఫొటో చూసిన ప్రతివాడూ నవ్వుతాడు. హాలు అద్దెకు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా మాట్లాడటం ఆపి నవ్వుతారు. నిజం ఏమిటంటే, ఆ హెల్మెట్టు ఎటు పెట్టుకోవాలో మా సమాజంలో మొట్టమొదట చెప్పినవాణ్ని నేనే. ఫొటోలో ఉన్న మిగతావాళ్ళంతా అప్పుడు తప్పుగా పెట్టుకుని తిరిగేవాళ్ళే. ఆ గోడ మీద మాత్రం తెలిసినవాళ్ళుగా వాళ్ళు నిలిచారు, తెలియనివాడిగా నేను మిగిలాను. నేను పోయిన తరువాత కూడా అలాగే మిగులుతాను. ఫొటోకు ఫ్రేము గట్టిది వేయించారు మరి.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ ఎండాకాలం మా సాంచాలు సగం మూతపడ్డాయి. ఇక్కడ మరమగ్గాన్ని సాంచా అంటాం. ఆ చప్పుడు లేకపోతే మా వీధుల్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఇళ్ళలో వరసగా మనుషులు పడిపోతుంటే సమాజం భవనంలో వంట మొదలుపెట్టారు. వండినది డబ్బాల్లో సర్ది సైకిళ్ళ మీద పంపాలని అనుకున్నారు. కానీ నాకాల దగ్గర, అంటే చెక్‌పోస్టుల దగ్గర, పోలీసులు ప్రతివాణ్నీ ఆపి, ఎక్కడికి, ఎందుకు, ఎవరికని అడిగేసరికి డబ్బాలో పప్పు చల్లారిపోయేది.

అప్పుడే హజీరా వైపు ఒక పెద్ద కంపెనీలో పనిచేసే ఇంజినీరు ఒకాయన మాకు హెల్మెట్లు పంపాడు. ఆయనది కోస్తా. వాళ్ళ కాలనీలో సైకిలు పందెం పెట్టుకుని వీటిని తెప్పించారట. పందెం జరగలేదు. ఆయన స్వయంగా రాలేదు. ఆ రోజుల్లో ఎవరి గడప దాటడానికైనా అందరికీ భయమే. ఉల్లిగడ్డలు వచ్చినట్టు హెల్మెట్లు బస్తాల్లో వచ్చాయి. ఎలా పెట్టుకోవాలో చెప్పే మనిషి వాటి వెంట రాలేదు.

హెల్మెట్టు వల్ల లాభం మాత్రం మొదటిరోజే తెలిసింది. హెల్మెట్టు పెట్టుకుని సైకిలు తొక్కేవాణ్ని పోలీసులు ఆపలేదు. మున్సిపాలిటీ మనిషి అనుకున్నారో, సైకిలుకు కూడా హెల్మెట్టు పెట్టుకునేవాడికి మతి కొంచెం తక్కువని జాలిపడ్డారో తెలియదు. చెయ్యి ఊపి పంపించేసేవాళ్ళు. దాంతో మా బావ కొత్త నియమం పెట్టాడు. తలకు హెల్మెట్టు సరిగా అతికినవాడే డబ్బాలు తీసుకెళ్ళాలి.

మా బావ అంటే మా అక్క భర్త, సమాజానికి అధ్యక్షుడు. ఆయన గురించి ఒక్క సంగతి చెబితే చాలు. నా పెళ్ళి వీడియోలో నేను తాళి కడుతున్న ఘట్టం మొత్తం కెమెరాకు అడ్డంగా ఆయన వీపే ఉంటుంది. తాళి కట్టానని నేను చెప్పాలి, జనం నమ్మాలి. ఆ వీపు గురించి నేను ఆరోజే అడిగాను. దానికీ జవాబు లేదు.

మా సమాజంలో ఎవరినైనా గౌరవించాలంటే పెద్దమనిషి తన చేతులతో పాగా చుడతాడు. పాగా తోక మెడ మీదికి వేలాడాలి. పెద్దమనిషి పెట్టినదాన్ని ఇంటికి చేరేదాకా కదిలించకూడదు. బావ హెల్మెట్లను కూడా అలాగే పెడతానన్నాడు. మనుషులను దూరం దూరంగా నిలబెట్టి, చేతులకు శానిటైజరు రాసుకుని, ఒక హెల్మెట్టును పైకెత్తి చూపించాడు. దానికి ఒకవైపు టోపీకి ఉన్నట్టు చిన్న చూరు ఉంది. రెండోవైపు, బిగించుకోవడానికి గుండ్రటి తిప్పుడు బిళ్ళ ఉంది.

"ఇగ సూడుండ్రి. గీ సూరు మెడకు. మన పాగాకు తోక లెక్క. ఎండ మెడకు తాకొద్దని పెట్టిండ్రు," అన్నాడు బావ.

"మరి బిళ్ళ ఏందన్నా?" అని ఎవరో అడిగారు.

"గది ముంగట. బిగించుకునే బిళ్ళను కండ్లకు కనవడేకాడ పెడ్తరా, కనవడని కాడ పెడ్తరా? సాంచాకు హ్యాండిలు యాడుంటది? చెయ్యి అందేకాడ. ఇంజినీర్లు మనకంటె తెల్వితక్కువోల్లా?"

అందరూ అవునన్నారు. మా పని అలాంటిది. చెయ్యి అందనిచోట ఏ మీటనూ మేము ఊహించలేము. ఆ విధంగా హెల్మెట్లన్నీ చూరు వెనక్కి, బిళ్ళ నుదుటి మీదికి వచ్చేటట్టు ఎక్కాయి. పట్టీలు చెవుల మీదుగా అడ్డదిడ్డంగా పోయాయి. ఒకాయనకైతే పట్టీ కంటికి అడ్డం వచ్చింది. "ఒక కన్ను సాలదా? తోవ సీదానే ఉన్నది," అన్నాడు బావ.

అతికిందో లేదో చూడటానికి ఆయనే ఒక పరీక్ష కనిపెట్టాడు. హెల్మెట్టు పెట్టించుకున్నవాడు వంగి ఆయన కాళ్ళకు మొక్కాలి. వంగినప్పుడు కదలకపోతే పాసు. ఒకరి తరువాత ఒకరు మొక్కారు, పాసయ్యారు. కారణం ఎవరూ గమనించలేదు కానీ నేను గమనించాను. అప్పటికి మంగలి షాపులు మూసి చాలా రోజులైంది. అందరి తలలూ దూది బస్తాల్లా ఉన్నాయి. ఆ జుట్టులో గిన్నె బోర్లించినా కదలదు.

నా తల సంగతి వేరు. అంతకు ముందు ఆదివారమే మా ఆవిడ నాకు జుట్టు కత్తిరిస్తానంది. దారాలు కత్తిరించే కత్తెరతో మొదలుపెట్టి కుడివైపు పూర్తిగా పాడుచేసి, ఎడమవైపును దానికి సరిచేయబోయి అది కూడా పాడుచేసింది. చివరికి గడ్డం గీసుకునే బ్లేడుతో మొత్తం తీసేయవలసి వచ్చింది. ఇత్తడి చెంబులాంటి తలతో నేను బావ ముందు నిలబడ్డాను. ఆయన హెల్మెట్టు పెట్టాడు. నేను వంగాను. అది నా తల మీద నుంచి జారి ఆయన కుడికాలి బొటనవేలి మీద పడింది.

"అబ్బా! ఏంది బామ్మర్దీ, ఇన్నేండ్లకు కసి తీర్సుకుంటున్నవా?" అని బావ కాలు పట్టుకున్నాడు.

"నేను పడెయ్యలే బావా, అదే పడ్డది."

"నెత్తి నీదే గదా?"

జనం నవ్వారు. మాస్కులుండటం వల్ల ఎవరెవరు నవ్వారో నాకు పూర్తిగా తెలియలేదు. కానీ భుజాలు కదలడం బట్టి కొందరిని గుర్తుపట్టాను. వాళ్ళను ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాను.

బావ తీర్పు చెప్పాడు. "గీ నెత్తికి హెల్మెట్టు అతుకది. రేపు రోడ్డు మీద పడితె పేరు నాకొస్తది. ఎంట్రుకలు మొలిచినంక రా. అప్పటిదాంక ఉల్లిగడ్డలు గొయ్యి."

నేను మగ్గాల షెడ్డులో మాస్టర్ని. నా చేతి కింద పనిచేసినవాళ్ళు సైకిళ్ళెక్కి డబ్బాలు పట్టుకుపోతుంటే, నేను వంటగదిలో ఆడవాళ్ళ మధ్య పీటవేసుకుని ఉల్లిగడ్డలు కోశాను. మాస్కు ముక్కునూ నోటినీ కాపాడుతుంది, కళ్ళను కాపాడదు. నేను ఏడుస్తున్నానని వాళ్ళు ఓదార్చేవాళ్ళు.

"ఊకో తమ్మీ, ఎంట్రుకలే గదా, మొలుస్తయి," అనేది మా అక్క.

"నేను ఎంట్రుకలకు ఏడుస్తలేను అక్కా, ఉల్లిగడ్డకు."

"అట్లనే అంటరు అందరు."

నాకు ఉల్లిగడ్డలతో పేచీ లేదు. నా షెడ్డులో నాతోపాటు ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసినవాళ్ళు ఆ తలుపుల వెనక దగ్గుతూ పడి ఉన్నారు. వాళ్ళ గుమ్మం ముందు డబ్బా పెట్టి, దూరంగా నిలబడి, కిటికీలోంచి చెయ్యి ఊపేదాకా చూసి రావడం ఒక పని. ఆ పని నాకు కావాలి. సాంచాలు లేవు, బయట తిరుగుడు లేదు, మనిషి అనిపించుకునే పని అదొక్కటే కనిపించింది. అది నాకు రాకుండా ఒక ప్లాస్టిక్ టోపీ అడ్డం పడింది.

హెల్మెట్టును ఇంటికి తెచ్చి తలకు అతికించే పని మొదలుపెట్టాను. బావ చెప్పిన దిక్కులోనే ముందు ప్రయత్నించాను. లోపల తువ్వాలు మడిచి పెడితే హెల్మెట్టు కొబ్బరికాయ మీద కొబ్బరికాయలా పైకి లేచింది. గిన్నెలు తోమే స్పాంజి ముక్కలు పెడితే చెమటకు వాటికి నురగ వచ్చింది. నిలువుపోగు దారం పేని, గడ్డం కింద నుంచి కట్టి, నేతవాడి ముడి వేస్తే హెల్మెట్టు కదలలేదు. నా దవడ కూడా కదలలేదు. కత్తెర తెమ్మని మా ఆవిడకు సైగ చేయవలసి వచ్చింది. ఆ కత్తెరే, నా జుట్టు పాడుచేసినదే.

ఒక మధ్యాహ్నం కోపం వచ్చి హెల్మెట్టును మంచం మీదికి విసిరాను. కాసేపటికి మళ్ళీ తీసి, ఎటు తిరిగి ఉందో చూడకుండా నెత్తిన పెట్టుకున్నాను. అది కుదురుగా కూర్చుంది. కనుబొమ్మలకు కొంచెం పైన అంచు ఆగింది. రెండు పక్కలా పట్టీలు చెవికి ముందొకటి, వెనకొకటి దిగి, చెవి తమ్మె కింద కలుసుకున్నాయి. మెడ వెనక చెయ్యి పెట్టి బిళ్ళ తిప్పితే లోపలి చట్రం తలను అన్నివైపులా సమంగా పట్టుకుంది. గడ్డం కింద క్లిప్పు పెట్టి చూస్తే రెండువేళ్ళు దూరేంత సందు మాత్రమే ఉంది. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్టు నెత్తిని కొంచెం నొక్కింది. తల ఊపాను, వంగాను, మంచమెక్కి దూకాను. కింది ఇంటివాళ్ళు కర్రతో పైకప్పును పొడిచారు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏందయ్యా, దేవుడు పూనినట్టు ఊగుతున్నవు?"

"సూడు, కదులుతలేదు! బావ ఉల్టా పెట్టిండు. అందరికి ఉల్టానే పెట్టిండు!"

"మరి గీ సంగతి నువ్వు పోయి అన్నకు చెప్తవా?"

"చెప్త."

"అయితె రేపటికి గూడ ఉల్లిగడ్డలే," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున డబ్బాలు సర్దుతున్న వేళకు నేను హెల్మెట్టు సరిగ్గా పెట్టుకుని భవనానికి వెళ్ళాను. అందరూ వినేటట్టు చెప్పాను. ఇది ముఖ్యం. అందరూ విన్నారు.

"బావా, మీరందరు హెల్మెట్లు ఉల్టా పెట్టుకున్నరు."

బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మేమందరం ఉల్టా, నువ్వొక్కనివి సీదా?"

"అవు."

"దునియా మొత్తం ఉల్టా అయి కూసున్నది బామ్మర్దీ. మూతికి గుడ్డ కట్టుకుంటున్నం, సుట్టమొస్తె తలుపేస్తున్నం. గండ్ల హెల్మెట్టొక్కటి సీదా ఉండి ఏం జేస్తది?"

జనం భుజాలు మళ్ళీ కదిలాయి. నేను మాట పెంచలేదు. వంగి ఆయన కాళ్ళకు మొక్కాను. హెల్మెట్టు గోరంత కదలలేదు. లేచి మళ్ళీ మొక్కాను. ఆయనకు అంతగా మొక్కడం నాకు ఇష్టమై కాదు, రుజువు కోసం.

బావ నా చుట్టూ తిరిగి చూశాడు. "ఫిట్టింగ్ పాస్. దిక్కు ఫెయిల్," అన్నాడు. "నేను పెట్టినదాన్ని తిప్పుతవా? పెద్దమనిషి పాగా సుట్టినంక తోకను ముంగటికి గుంజుకునేటోన్ని యాడన్న సూసినవా?"

"గిది పాగా కాదు బావా."

"నేను పెట్టిన్నా లేదా?"

"పెట్టినవ్."

"అయితె పాగానే."

నేను మళ్ళీ పీట మీదికి వెళ్ళాను.

వాళ్ళకు అలా పెట్టుకుంటే హాయిగా ఉందా అంటే అదీ లేదు. బిళ్ళ ఒరిసి ఒరిసి అందరి నుదుళ్ళ మీద గుండ్రటి ఎర్రటి ముద్ర పడింది. బ్రేకు వేస్తే హెల్మెట్టు ముందుకు జారి ముక్కు మీదికి వచ్చేది. కానీ ముద్రకు విలువ వచ్చింది. కిటికీల్లోంచి జనం ఆ ముద్ర చూసి, సేవచేసేవాళ్ళు వచ్చారని చేతులు జోడించేవాళ్ళు. ఒకరిద్దరు సైకిలు దిగిన తరువాత కూడా ముద్ర పోకుండా బిళ్ళను కావాలని ఇంకొంచెం బిగించుకున్నట్టు నాకు తెలుసు. తప్పు చేసినవాళ్ళ నుదుట గుర్తు పడి, ఆ గుర్తుకు జనం దండం పెట్టడం నేను ఒక్క సూరత్‌లోనే చూశాను. నా నుదురు మాత్రం శుభ్రంగా ఉంది. దానికి ఎవరూ దండం పెట్టలేదు.

రోజూ చెప్పాను. గిన్నె బోర్లించి చూపించాను. కుంకుడుకాయంత తలకూ గుమ్మడికాయంత తలకూ చూరు ముందే ఉండాలని చెప్పాను. రోజూ సాయంత్రం నేను ఈ సంగతి ఎత్తగానే మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు నాకు విసుగొచ్చి, "ఇయ్యాల్టి సంది గీ ఇంట్ల హెల్మెట్టు పేరెత్తొద్దు," అన్నాను. ఆవిడ సరేనంది. ఆవిడ నా మాట విన్న సందర్భాలు తక్కువ. అది ఒకటి.

ఆ మరునాడు మా షెడ్డు మనిషి ఒకాయనకు బాగా ఎక్కువైందని తెలిసింది. ఆయన ఉండేది దిండోలి వైపు. అంతదూరం తొక్కేవాడు ఆరోజు ఎవడూ దొరకలేదు. నేను కత్తిపీట పక్కన పెట్టి లేచాను.

"బావా, నువ్వెట్ల చెప్తె అట్లనే పెట్టుకుంట. నన్ను పోనీ."

సరైనది తెలిసి కూడా నేను తప్పుగా పెట్టుకున్నాను. ఒక డబ్బా పప్పన్నం చేరడం కోసం. ఆ ఫొటో చూసి నవ్వేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

బావ ముఖం వెలిగిపోయింది. స్వయంగా వచ్చి, స్పాంజి ముక్కలు లోపల కూరి, చూరు వెనక్కి తిప్పి, నుదుటి మీద బిళ్ళ బిగించాడు. "గిప్పుడు సక్కగున్నవు," అన్నాడు. ఆరోజు నుంచి నేనూ తొక్కాను. దిండోలి ఆయన కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపడానికి కొన్నాళ్ళు పట్టింది, కానీ ఊపాడు. నా హెల్మెట్టు చూసి మొదటిసారి నవ్వింది కూడా ఆయనే. నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ నవ్వాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

జబ్బులు తగ్గాయి. సాంచాలు ఒక్కొక్కటే కదిలాయి. ఆఖరు రోజు అందరికీ ఫొటో తీయడానికి ఇంజినీరు కెమెరాతో వస్తున్నాడని చెప్పారు. ఆ పొద్దున నాకు చాలా దూరం ఇల్లు పడింది, మిగతావాళ్ళు రాకముందే బయలుదేరాను. డబ్బా సైకిలుకు కట్టుకుంటుంటే బావ వచ్చాడు. అప్పటికి ఆయన తన హెల్మెట్టు పెట్టుకోలేదు. నా గడ్డం కింద పట్టీ వదులైందని తానే బిగించాడు. నుదుటి మీద బిళ్ళను ఇంకో చుట్టు తిప్పాడు. "జర జల్ది రా, ఫొటో ఉన్నది," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

నేను తిరిగి వచ్చేసరికి అందరూ వరుసల్లో నిలబడి ఉన్నారు. ఎండ నా కళ్ళలో కొట్టి ఎవరి హెల్మెట్టూ సరిగా కనిపించలేదు. "రండి రండి, మీకోసమే ఆగామండి! అటు చివర నిలబడండి, ఎవరూ కదలొద్దండి," అని ఇంజినీరు అరిచాడు. నేను పరుగెత్తి రెండో వరుస చివర నిలబడ్డాను. కదలొద్దన్నాడు కాబట్టి తల తిప్పలేదు. నిక్కచ్చిగా నిలబడ్డాను. కెమెరా టక్కుమంది.

అప్పుడు పక్కకు చూశాను. పక్కవాడి చూరు ముందుకు ఉంది. వాడి పక్కవాడిది కూడా. ఒక్క క్షణం నాకు వాళ్ళంతా తప్పుగా పెట్టుకున్నారే అనిపించింది, అలవాటు అంత చెడ్డది. తరువాత నా నుదురు తడుముకున్నాను.

ఇంజినీరు దగ్గరికి వచ్చాడు. మంచివాడే, నెమ్మదిగా అడిగాడు. "ఏవండీ, మీరొక్కరే అలా పెట్టుకున్నారేంటి? నిన్న సాయంత్రం ప్రెసిడెంటుగారికి ఫోన్లో చెప్పానే. ఎవరో పంపిన ఫొటో చూసి, ఏమీ అనుకోకండి, తిప్పి పెట్టుకోవాలండీ అన్నాను."

"సార్, నేను మొదటి సంది గదే మొత్తుకుంటున్న!"

ఆయన నా నుదుటి బిళ్ళ వంక చూశాడు. "పోన్లెండి, ఫొటోలో వెరైటీగా ఉంటుంది," అన్నాడు.

మళ్ళీ తీయమని బతిమాలాను. అప్పటికే వరుసలు చెదిరిపోయాయి. "గిప్పుడు మల్ల అందర్ని నిలవెట్టాల్నా? అన్నం సల్లారుతది," అన్నాడు బావ.

మిగతావాళ్ళను అడిగితే తెలిసింది. ముందురోజు రాత్రి బావ అందరికీ ఫోన్లు చేశాడట. మనం ఇన్నాళ్ళూ తప్పుగా పెట్టుకున్నామని అనలేదు. "ఎండ దిక్కు మారింది, రేపటి సంది సూరు ముంగటికి," అన్నాడట. అందరూ సరేనన్నారు. ఎండ దిక్కు గురించి ఒక్కడూ అడగలేదు.

భోజనాల దగ్గర నిలదీశాను. "అందరికి చెప్పినవ్, నాకెందుకు చెప్పలే?"

"మీ అక్కతోని చెప్పి పంపిన," అన్నాడు బావ.

అక్క వైపు తిరిగాను. "నేను మరదలికి చెప్పిన," అంది అక్క.

ఇంటికి వచ్చి మా ఆవిడను అడిగాను. ఆవిడ చేట పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. "వదిన చెప్పింది. కని నువ్వే గదా గీ ఇంట్ల హెల్మెట్టు పేరెత్తొద్దన్నవు. నేనెందుకెత్తుత?"

అంతా విని జనం తప్పు నాదేనంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో పెట్టిన నియమం ఇంటికి. నాకు చెప్పవలసిన మాటను నాకు చెప్పాలి. ఇద్దరు ఆడవాళ్ళ మీదుగా తిప్పి పంపితే అది ఎక్కడో ఒకచోట తెగుతుంది. పోగు తెగినా గమనించని మనిషి మా పనిలో ఉంటే ఏమంటామో బావకు నేను చెప్పనక్కరలేదు.

ఫొటోను పెద్దది చేయించి గోడకు పెట్టారు. నా తల వరకు స్టిక్కరు అంటించమన్నాను. ఫొటో పాడవుతుందన్నారు. కింద నాలుగు మాటలు రాయించమన్నాను, ఇతను అందరికంటే ముందే సరిగా పెట్టుకున్నవాడు అని. అలా రాస్తే మిగతావాళ్ళకు చిన్నతనమన్నారు. ఒకసారి బావ నాకు మంచి చేస్తున్నట్టు భుజం మీద చెయ్యి వేసి, "మూతికి మాస్కున్నది. నువ్వని ఎవనికి తెలుస్తది బామ్మర్దీ?" అన్నాడు.

దానికి అక్క అందుకుంది. "నువ్వు ఊకుంటె ఎవ్వనికి ఎర్క గాకపోవు తమ్మీ. వచ్చినోన్నల్ల ఫొటో కాడికి గుంజుకపోయి గీన్నే నేను అని నువ్వే చూపిస్తవు, మల్ల నువ్వే ఏడుస్తవు."

నేనెందుకు ఊరుకోవాలి? ఊరుకుంటే అక్కడ నిలబడినవాడు ఎవరో తెలియని ఒక తెలివితక్కువవాడు అవుతాడు. దిండోలి దాకా తొక్కినవాణ్ని, సరైనది తెలిసినవాణ్ని ఎవరో ఒకడిగా వదిలేయమంటారా? నవ్వినా సరే, నన్ను చూసి నవ్వండి, కానీ సంగతి మొత్తం విని నవ్వండి.

ఇంజినీరు మీద నాకు ఫిర్యాదు లేదు. అక్క మీద కొంచెం ఉంది, మా ఆవిడ మీద ఇంకొంచెం ఉంది, అవి మేము మేము చూసుకుంటాం. ఈ రాసిందంతా ఒక్కడి కోసం.

బావా, ఎవరితో చెప్పి పంపావన్నది నేనిక అడగను. ఆ పొద్దున సైకిలు దగ్గర నువ్వు నాకు జానెడు దూరంలో నిలబడ్డావు. హెల్మెట్టు ఎటు ఉండాలో ముందురోజే నీకు తెలుసు. నా నుదుటి మీద ఉన్న బిళ్ళను నీ వేళ్ళతోనే పట్టుకుని బిగించావు. పట్టుకున్నప్పుడు నీకు గుర్తు రాలేదా, లేక గుర్తొచ్చి కూడా బిగించావా? రెండింటిలో ఏది? నువ్వు ఏది చెప్పినా నమ్ముతాను. కానీ అక్కతో చెప్పి పంపకు. నువ్వే వచ్చి నా ముఖం చూసి చెప్పు.